కేర్ హోమ్‌లో స్ట్రెప్ వ్యాపిస్తోందా? జీనోమ్ సీక్వెన్సింగ్‌తో తేల్చడం ఎలా

"మా కేర్ హోమ్‌లో ఇద్దరు పెద్దవాళ్లకు గ్రూప్ ఎ స్ట్రెప్ వచ్చింది. ఒకరి నుంచి ఒకరికి అంటిందా, ఎవరికి వాళ్లకు విడిగా వచ్చిందా? జీనోమ్ సీక్వెన్సింగ్ చేయిస్తే తేలిపోతుందట కదా?" ఇంగ్లండ్‌లో కేరర్లుగా, నర్సులుగా పనిచేస్తున్న మనవాళ్లు, అక్కడి ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. జీనోమ్ సీక్వెన్సింగ్ అంటే బ్యాక్టీరియా డీఎన్‌ఏ మొత్తాన్ని అక్షరం అక్షరంగా చదవడం. "ఈ రెండు కేసులకూ సంబంధం లేదు" అని చెప్పడంలో ఈ పరీక్ష చాలా గట్టిది. "ఫలానా మనిషి నుంచే ఫలానా మనిషికి వచ్చింది" అని చెప్పడం మాత్రం దానికి ఒంటరిగా చేతకాదు. ఆ మాట అనాలంటే తేదీలు, గది నంబర్లు, డ్యూటీ రోస్టర్లు కావాలి. అందుకే ఇక్కడ చెప్పబోయే పనిలో దాదాపు సగం ల్యాబ్ బయటే ఉంటుంది.

గ్రూప్ ఎ స్ట్రెప్, అంటే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మామూలుగా ఇది గొంతునొప్పి, చర్మం మీద పుండ్లు తెస్తుంది. రక్తంలోకో, కండరాల్లోకో దిగితే ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని ఇన్వేసివ్ గ్రూప్ ఎ స్ట్రెప్ అంటారు, ల్యాబుల్లో ఐగ్యాస్ అని పిలుస్తారు. కాళ్ల మీద మానని పుండ్లున్న వృద్ధులకు ముప్పు ఎక్కువ. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో బ్రెయిన్‌ట్రీ, చెల్మ్స్‌ఫర్డ్, మాల్డన్ చుట్టుపక్కల 32 మందికి ఈ జబ్బు సోకిందని, వాళ్లలో 12 మంది చనిపోయారని 2019 జూన్‌లో ప్రకటించారు. ఎక్కువమంది పుండ్లకు కట్లు కట్టించుకుంటున్న పెద్దవాళ్లే. కొందరు కేర్ హోమ్‌లలో ఉన్నారు, మిగతావాళ్లు సొంత ఇళ్లలోనే ఉండి వైద్యం తీసుకుంటున్నారు. వెతికేటప్పుడు హోమ్ గోడల దగ్గర ఆగిపోకూడదు అనేది ఆ సంఘటన చూసిన ఎవరికైనా తడుతుంది.

హోమ్‌లో పనిచేసేవాళ్లు 1, 2, 3, 8 అడుగులు చదివితే చాలు. ల్యాబ్‌లో ఉన్నవాళ్లు 4 నుంచి 7 దాకా నిదానంగా చదవండి, కానీ 1, 2 అడుగులు దాటేయకండి.

కావలసినవి

హోమ్ వైపు నుంచి: రెసిడెంట్ల జాబితా, గదుల ప్లాన్, గత 6 నెలల రోస్టర్లు (ఏజెన్సీ స్టాఫ్‌వి కూడా), బయటి నుంచి వచ్చి వెళ్లే డిస్ట్రిక్ట్ నర్సు, పోడియాట్రిస్ట్, ఫిజియో, హెయిర్‌డ్రెస్సర్ల రాకపోకల వివరాలు, ఎవరికి ఎక్కడ పుండు ఉందో, ఎవరు కట్టు మార్చారో చెప్పే కేర్ నోట్స్.

ల్యాబ్ వైపు నుంచి: బతికి ఉన్న బ్యాక్టీరియా కల్చర్, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్, డీఎన్‌ఏ తీసే కిట్, డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే క్యూబిట్, డీఎన్‌ఏను చదివే ఇల్యూమినా లేదా నానోపోర్ మెషీన్, లినక్స్ నడిచే కంప్యూటర్. బ్యాక్టీరియా జీనోమ్‌లు చిన్నవి. 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు మెషీన్ మీద కూడా ఇరవై ముప్పై శాంపిళ్ల పని నడుస్తుంది.

వీటితో పాటు, హోమ్‌నూ ల్యాబ్‌నూ కలిపి చూసే మనిషి ఒకరు ఉండాలి. ఇంగ్లండ్‌లో ఆ పని యూకేహెచ్‌ఎస్‌ఏ (యూకే హెల్త్ సెక్యూరిటీ ఏజెన్సీ) స్థానిక హెల్త్ ప్రొటెక్షన్ టీమ్ చేస్తుంది.

అడుగు 1: ఫోన్ చేయండి, జీనోమ్ కోసం ఆగకండి

ఐగ్యాస్ అక్కడ చట్టప్రకారం తెలియజేయాల్సిన జబ్బు. ఒక్క కేసు వచ్చినా హెల్త్ ప్రొటెక్షన్ టీమ్‌కు ఫోన్‌లో చెప్పాలి. రెండోది వచ్చేదాకా చూద్దాం అనుకోవద్దు. కల్చర్ పెరగడానికి ఒకటి రెండు రోజులు, సీక్వెన్స్ చేసి పోల్చి రిపోర్టు రావడానికి మరికొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. చేతుల శుభ్రత, జబ్బుపడినవాళ్లను విడిగా ఉంచడం, కట్లు మార్చేటప్పుడు గ్లవ్స్, ఏప్రన్, ఎక్కువమంది తాకే వస్తువులను పదేపదే తుడవడం, ఇవన్నీ అనుమానం వచ్చిన రోజే మొదలుకావాలి. ఎవరికి ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వాలో టీమ్ చెబుతుంది. హోమ్ మేనేజర్ సొంతంగా నిర్ణయించేది కాదు.

"రిపోర్టు రానివ్వండి, అప్పుడు చూద్దాం" అనే మాట ఎవరి నోట విన్నా గట్టిగా అడ్డుపడండి. జీనోమ్ రిపోర్టు దర్యాప్తుకు పనికొస్తుంది. ఆ రోజు మంచం మీదున్న మనిషిని కాపాడేది ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ మాత్రమే.

అడుగు 2: లైన్ లిస్ట్ రాయండి

స్ప్రెడ్‌షీట్‌లో మనిషికో వరస. పేరుకు బదులు కోడ్ వాడండి. రెసిడెంటా స్టాఫా, గది, అంతస్తు, లక్షణాలు మొదలైన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, శాంపిల్ ఎక్కడి నుంచి తీశారు, పుండు ఉందా, ఎవరు కట్టు మారుస్తున్నారు, హాస్పిటల్‌లో ఉన్న తేదీలు, వాడిన యాంటీబయాటిక్, చివరికి ఏమైంది. ఈ కాలమ్స్ తప్పనిసరి.

దానికి ముందు కేసు అంటే ఏమిటో రాసిపెట్టుకోండి. ఉదాహరణకు: "ఫలానా తేదీ నుంచి ఈ హోమ్‌లో ఉంటున్న లేదా పనిచేస్తున్న వ్యక్తి, కల్చర్‌లో గ్రూప్ ఎ స్ట్రెప్ వచ్చినవారు" అయితే కన్‌ఫర్మ్‌డ్. కల్చర్ లేకుండా గొంతునొప్పి, జ్వరం, ఎర్రగా వాచిన చర్మం ఉంటే అనుమానిత కేసు. ఈ నిర్వచనం మధ్యలో మార్చాల్సి వస్తే మార్చిన తేదీ కూడా రాయండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు హాస్పిటల్‌కు వెళ్లినవాళ్లను మరిచిపోవడం. పెద్దావిడకు రాత్రి జ్వరం వచ్చి హాస్పిటల్‌కు తీసుకెళ్తారు. రక్తం కల్చర్ అక్కడ చేస్తారు, పాజిటివ్ అక్కడే వస్తుంది. ఆవిడ చనిపోతే హోమ్‌కు అందేది చావు కబురు మాత్రమే, కల్చర్ ఫలితం కాదు. అందుకే గత 6 నెలల్లో హాస్పిటల్‌లో చేరిన ప్రతి రెసిడెంట్ గురించీ, చనిపోయినవాళ్ల గురించీ మైక్రోబయాలజీ రికార్డు వెతకమని టీమ్‌ను అడగండి. మొదటి కేసు అనుకున్నది మూడోది అని తేలడం అరుదేమీ కాదు.

రెండో పొరపాటు స్టాఫ్‌ను వదిలేయడం. గొంతునొప్పితో రెండు రోజులు సెలవు పెట్టిన కేరర్, వేలి మీద చీము పట్టిన కిచెన్ అసిస్టెంట్, ఇద్దరూ జాబితాలో ఉండాలి.

అడుగు 3: బ్యాక్టీరియాను బతికించుకోండి

దర్యాప్తులు ఎక్కువగా చెడేది ఇక్కడే. సీక్వెన్సింగ్‌కు కావలసింది ల్యాబ్ ప్లేట్ మీద పెరిగిన బ్యాక్టీరియా. ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టులో గీత పడింది, లేదా పీసీఆర్ పాజిటివ్ వచ్చింది అంటే మీ దగ్గర ఫలితం ఉంది కానీ బ్యాక్టీరియా లేదు. ర్యాపిడ్ టెస్టు చేస్తే అదే సమయంలో రెండో స్వాబ్ కల్చర్‌కు కూడా తీయండి. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి. పెన్సిలిన్ మొదలయ్యాక తీసిన స్వాబ్‌లో చాలాసార్లు ఏమీ పెరగదు. అలాగని స్వాబ్ కోసం మందు ఆలస్యం చేయకండి, స్వాబ్ తీయడానికి నిమిషం చాలు.

రెసిడెంట్ల నుంచి గొంతు స్వాబ్, పుండు ఉంటే పుండు స్వాబ్, ట్యూబ్ వేసిన చోటు ఉంటే అక్కడిదీ. స్టాఫ్ నుంచి గొంతు, చర్మం మీద ఎక్కడైనా పుండు ఉంటే అదీ. ఇంత చేసినా కేసులు ఆగకపోతే ఇంకెక్కడెక్కడ వెతకాలో టీమ్ చెబుతుంది.

స్టాఫ్ స్క్రీనింగ్ గురించి మనసులో మాట చెప్పాలి. పాజిటివ్ వస్తే జీతం పోతుందేమో, వీసా స్పాన్సర్‌షిప్‌కు ఇబ్బందేమో అనే టెన్షన్ మనవాళ్లలో చాలా ఉంటుంది. ఆ భయంతో గొంతునొప్పి దాచిపెడతారు. మేనేజర్‌లు ముందే స్పష్టం చేయాలి: స్వాబ్ ఫలితం ఆక్యుపేషనల్ హెల్త్‌కు (ఉద్యోగుల ఆరోగ్యం చూసే విభాగం) వెళ్తుంది, నోటీసు బోర్డు మీదికి కాదు. పాజిటివ్ వచ్చినవాళ్లు మామూలుగా సరైన యాంటీబయాటిక్ మొదలుపెట్టి 24 గంటలు గడిచాక పనికి రావచ్చు. ఆ 24 గంటలకు జీతం ఇవ్వడానికి హోమ్ ఒప్పుకుంటే స్క్రీనింగ్‌కు వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. జబ్బుపడిన పెద్దాయన నుంచే కేరర్‌కు వచ్చి ఉండవచ్చు కూడా. స్వాబ్ పాజిటివ్ అనేది నేరారోపణ కాదు.

ఇక ల్యాబ్‌కు చెప్పాల్సింది: "ఈ హోమ్ నుంచి వచ్చిన ప్రతి గ్రూప్ ఎ స్ట్రెప్‌ను పారేయకుండా గ్లిజరాల్‌లో, మైనస్ 80 దగ్గర, కనీసం 6 నెలలు ఉంచండి." ఇది ఫోన్‌లో చెప్పి, మళ్లీ ఈమెయిల్ పెట్టండి. మామూలు గొంతు స్వాబ్‌ల ప్లేట్లను ల్యాబులు కొన్ని రోజుల్లోనే పారేస్తాయి. ఐగ్యాస్ కల్చర్‌లు లండన్‌లోని కొలిండేల్ రిఫరెన్స్ ల్యాబ్‌కు వెళ్తాయి. గొంతు నుంచి, పుండు నుంచి వచ్చిన మామూలు కల్చర్‌లు ఎవరైనా అడిగితేనే వెళ్తాయి. అవే లేకపోతే గొలుసులో మధ్య లింకులు కనపడవు.

మన హైదరాబాద్, విజయవాడ వైపు వృద్ధాశ్రమాల్లో ఇలాంటిది చేయాలనుకునే డాక్టర్లు కూడా అడిగారు. సీక్వెన్సింగ్ పెద్ద అడ్డంకి కాదు. డీఎన్‌ఏ పంపితే చేసిపెట్టే ప్రైవేటు కంపెనీలు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నాయి. అసలు అడ్డంకి కల్చర్ పంపకుండానే యాంటీబయాటిక్ మొదలుపెట్టే అలవాటు. ముందు దాన్ని సరిచేసుకోండి.

అడుగు 4: ముందు ఎమ్ టైప్ చూడండి

గ్రూప్ ఎ స్ట్రెప్‌లో ఎమ్ ప్రొటీన్ జీన్‌ను బట్టి 200కు పైగా టైపులున్నాయి. ఇది త్వరగా, తక్కువ ఖర్చుతో అయ్యే జల్లెడ. ఒకరిది ఎమ్1, ఇంకొకరిది ఎమ్89 వచ్చిందంటే ఆ ఇద్దరి మధ్య వ్యాప్తి లేదు. అక్కడితో ఆ జంట గురించి ఆలోచన ఆపేయవచ్చు.

రెండూ ఒకటే టైప్ వస్తే? ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు కదా, ఇదీ అంతే. 2022-23 శీతాకాలంలో ఇంగ్లండ్ అంతటా ఎమ్1 విపరీతంగా తిరిగింది. అలాంటి సమయంలో ఒక హోమ్‌లో రెండు ఎమ్1 కేసులు వచ్చాయంటే అది ఊళ్లో తిరుగుతున్నదే రెండుసార్లు విడివిడిగా లోపలికి వచ్చి ఉండవచ్చు. అరుదైన టైప్ అయితే మొదటి నుంచే అనుమానం బలంగా ఉంటుంది. అందుకే టైప్ కలిసినప్పుడే జీనోమ్ మొత్తం చదివించడం అవసరం.

అడుగు 5: డీఎన్‌ఏ తీసి సీక్వెన్స్ చేయండి

బ్లడ్ అగార్ మీద విడిగా ఉన్న ఒకే కాలనీని తీసుకుని మళ్లీ పెంచండి. ప్లేట్ మీద నుంచి మొత్తం గీకి తీసుకుంటే రెండు స్ట్రెయిన్‌లు కలిసిపోతాయి, తర్వాత దాన్ని విడదీయలేరు. జబ్బు లేకుండా బ్యాక్టీరియా మోస్తున్న స్టాఫ్ దగ్గర మాత్రం, వీలుంటే, మూడు నాలుగు కాలనీలను వేర్వేరుగా చేయండి. ఒకే గొంతులో కొద్ది తేడాలున్న రకాలు ఉండవచ్చు.

స్ట్రెప్ కణపు గోడ మొండిది. కిట్‌లో ఇచ్చిన బఫర్ ఒక్కటే వేస్తే డీఎన్‌ఏ సరిగ్గా రాదు. లైసోజైమ్‌తో పాటు మ్యూటనోలైసిన్ వేసి 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచండి. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే వేరే బ్యాక్టీరియా అయితే లైసోస్టాఫిన్ వాడాలి. కొలవడానికి క్యూబిట్‌నే నమ్మండి. నానోడ్రాప్ అనే ఇంకో కొలిచే మెషీన్ ఆర్‌ఎన్‌ఏను కూడా కలిపి లెక్కించి ఎక్కువ చూపిస్తుంది.

ఎంత డేటా కావాలి? ఈ బ్యాక్టీరియా జీనోమ్ సుమారు 18.5 లక్షల అక్షరాలు. ప్రతి చోటును సగటున 50 సార్లు చదవాలంటే 9.25 కోట్ల అక్షరాలు కావాలి. ఇల్యూమినాలో 150 అక్షరాల జంట రీడ్లు (మెషీన్ చదివిన ముక్కలు) తీస్తే ఒక జంటకు 300, అంటే దాదాపు 3.1 లక్షల జంటలు. ఇది కనీస గురి. కొంచెం ఎక్కువే పెట్టుకోండి, ఎందుకంటే ఒకే రన్‌లో శాంపిళ్లు డేటాను సమానంగా పంచుకోవు.

ప్రతి బ్యాచ్‌లో రెండు అదనపు గొట్టాలు పెట్టండి. ఒకటి బ్యాక్టీరియా లేని ఖాళీ కంట్రోల్. రెండోది ఇప్పటికే ఉన్న ఒక శాంపిల్‌నే మొదటి నుంచి రెండోసారి చేసినది. ఈ రెండోదాన్ని చాలామంది ఖర్చు దండగని వదిలేస్తారు. వదలకండి, ఏడో అడుగులో అదే మీకు సాక్ష్యం.

త్వరగా కావాలంటే నానోపోర్ వాడవచ్చు. ఆర్10.4.1 ఫ్లోసెల్ వచ్చాక తప్పులు బాగా తగ్గాయి. కానీ ఒకే అక్షరం వరసగా ఆరేడు సార్లు వచ్చే చోట్ల ఇంకా తడబడుతుంది. కొన్ని శాంపిళ్లు నానోపోర్‌లో, కొన్ని ఇల్యూమినాలో చేసి నేరుగా పోల్చాల్సి వస్తే ముందు ఒకే శాంపిల్‌ను రెండింటిలో చేసి తేడా ఎంత వస్తుందో చూసుకోండి.

అడుగు 6: డేటా బాగుందో లేదో చూడండి

పోలికకు దూకకండి. ఫాస్ట్‌పీతో రీడ్లు శుభ్రం చేయండి, క్రాకెన్2తో అది ఏ బ్యాక్టీరియానో చూడండి, షోవిల్ లేదా స్పేడ్స్‌తో అసెంబ్లీ చేయండి (అంటే రీడ్లను కలిపి జీనోమ్‌గా అతకడం), క్వాస్ట్‌తో కొలవండి. ఈ కింది వాటిలో ఏది తేడా వచ్చినా ఆ శాంపిల్‌ను పక్కన పెట్టండి:

- అసెంబ్లీ మొత్తం పొడవు 17 నుంచి 19 లక్షల మధ్య ఉండాలి. 22 లక్షలు వచ్చిందంటే వేరే బ్యాక్టీరియా కలిసింది.
- జీసీ శాతం (జీ, సీ అక్షరాల వాటా) 38, 39 దగ్గర ఉండాలి.
- ముక్కలు వందకు లోపు ఉంటే మంచిది. వందల్లో ఉంటే డీఎన్‌ఏ బాగాలేదు, లేదా కలగలిసింది.
- సగటు కవరేజ్ (ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివారో) 30 కన్నా తక్కువైతే మళ్లీ సీక్వెన్స్ చేయండి.
- జీనోమ్‌లోంచి వచ్చిన ఎమ్ టైప్, ల్యాబ్ విడిగా చెప్పిన ఎమ్ టైప్ ఒకటే కావాలి. కాకపోతే గొట్టాలు మారిపోయాయి.
- ఖాళీ కంట్రోల్‌లో స్ట్రెప్ రీడ్లు గణనీయంగా ఉంటే ఆ బ్యాచ్ మొత్తాన్ని అనుమానించండి.

మందుల నిరోధక జీన్లు చూడటం ఒక మంచి క్రాస్ చెక్. గ్రూప్ ఎ స్ట్రెప్ ఇన్ని దశాబ్దాలైనా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. మీ రిపోర్టులో పెన్సిలిన్‌ను విరగ్గొట్టే జీన్ కనిపించిందంటే కొత్త విషయం కనుక్కున్నామని సంబరపడకండి, స్టాఫిలోకాకస్ ఆరియస్ కలిసిందేమో చూడండి. పుండు స్వాబ్‌లలో అది మామూలే. అలాగే ఎరిత్రోమైసిన్ పనిచేయదని ల్యాబ్ రాసిన శాంపిల్‌లో ఎర్మ్ లేదా మెఫ్ జీన్ కనిపించాలి. కనిపించకపోతే శాంపిల్ గుర్తింపు మళ్లీ చూసుకోండి.

అడుగు 7: పోల్చండి

రెండు జీనోమ్‌లను పక్కపక్కన పెడితే ఒక్క అక్షరం తేడా ఉన్న చోటును స్నిప్ అంటారు. మనం లెక్కపెట్టేది వాటినే. స్నిప్పీ లాంటి టూల్‌తో ప్రతి శాంపిల్‌నూ ఒకే రిఫరెన్స్ (పోలికకు ప్రమాణంగా తీసుకున్న జీనోమ్) మీద మ్యాప్ చేసి, అందరిలోనూ ఉన్న భాగాన్ని తీసుకుని, జంటల వారీగా తేడాల పట్టిక వేయాలి.

రిఫరెన్స్ అదే ఎమ్ టైప్‌ది అయి ఉండాలి. ఎమ్1కైతే ఎంజీఏఎస్5005 జీనోమ్ అందరూ వాడతారు. అరుదైన టైప్ అయి దగ్గరి రిఫరెన్స్ దొరక్కపోతే మీ శాంపిళ్లలో బాగా వచ్చిన ఒకదాని అసెంబ్లీనే రిఫరెన్స్‌గా వాడండి. దూరపు రిఫరెన్స్ వాడితే మ్యాప్ కాని భాగాల్లో ఉన్న తేడాలు మాయమవుతాయి, అందరూ ఒకేలా కనిపిస్తారు. దాన్ని చూసి వ్యాప్తి అని రాసేస్తారు.

తర్వాత ఫేజ్ భాగాలను (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల డీఎన్‌ఏను) లెక్కలోకి రాకుండా మూసేయండి. ఈ బ్యాక్టీరియా జీనోమ్‌లో పదో వంతు దాకా ఫేజ్‌లే ఉండవచ్చు, అవి వచ్చిపోతుంటాయి. గబ్బిన్స్ అనే టూల్‌తో రీకాంబినేషన్ జరిగిన (బయటి డీఎన్‌ఏ ముక్క వచ్చి అతుక్కున్న) చోట్లు తీసేయండి. రెండు శాంపిళ్ల మధ్య 45 స్నిప్‌లు వచ్చి, అందులో 40 రెండు మూడు వేల అక్షరాల చిన్న ముక్కలో గుంపుగా ఉంటే అవి 40 వేర్వేరు మార్పులు కావు. బయటి నుంచి వచ్చి అతుక్కున్న ఒకే ముక్క. అసలు దూరం 5 మాత్రమే. ఈ పని చేయకపోవడం వల్ల నిజమైన వ్యాప్తిని "సంబంధం లేదు" అని కొట్టేసే ప్రమాదం ఉంది. పట్టికలోని అంకెలే చూడకుండా స్నిప్‌లు జీనోమ్‌లో ఎక్కడెక్కడ ఉన్నాయో కళ్లతో చూడండి.

పోలికలో మీ హోమ్ శాంపిళ్లు మాత్రమే పెడితే అర్థం ఉండదు. అదే ఊళ్లో, అదే నెలల్లో, అదే ఎమ్ టైప్‌తో, ఈ హోమ్‌తో సంబంధం లేనివాళ్ల జీనోమ్‌లు కనీసం పదైనా పక్కన పెట్టండి. హోమ్ శాంపిళ్ల మధ్య తేడా 3, బయటివాళ్లతో తేడా 30 అయితే మాట బలంగా ఉంటుంది. బయటివాళ్లతో కూడా తేడా 4 అయితే మీరు చూస్తున్నది ఊరంతా తిరుగుతున్న స్ట్రెయిన్.

ఇప్పుడు రెండుసార్లు చేసిన శాంపిల్‌ను చూడండి. దాని రెండు జీనోమ్‌ల మధ్య తేడా సున్నా రావాలి. 3 వచ్చిందంటే మీ పద్ధతిలోనే 3 తప్పులున్నాయి. అప్పుడు ఇద్దరు రోగుల మధ్య వచ్చిన 3కు విలువ లేదు.

ఎంత తేడా ఉంటే వ్యాప్తి అనాలి? గ్రూప్ ఎ స్ట్రెప్ ఏడాదికి సుమారు ఒకటి రెండు స్నిప్‌ల చొప్పున మారుతుంది. కాబట్టి రెండు మూడు నెలల వ్యవధిలో జరిగిన వ్యాప్తిలో 0 నుంచి 2 వస్తుందని ఆశించవచ్చు. 5 దాకా దగ్గరివే అనుకుని దర్యాప్తు చేస్తారు. 20, 30 దాటితే ఇటీవలి వ్యాప్తి కాదు. మధ్యలో ఉన్నవి సందిగ్ధం, అక్కడ తేదీలు మాట్లాడాలి. ఈ అంకెలను వేరే బ్యాక్టీరియాకు వాడకండి. ఎంఆర్‌ఎస్‌ఏకు (మందులకు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్) 6 నెలల లోపు వ్యాప్తిలో 15 దాకా ఉండవచ్చని 2020లో ఇంగ్లండ్ పరిశోధకులు ప్రతిపాదించారు. క్లాస్ట్రిడియం డిఫిసిల్‌కు అదే కొలత 0 నుంచి 2. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో 2007 నుంచి 2011 దాకా వచ్చిన డిఫిసిల్ కేసులను ఇలా చదివితే 45 శాతం కేసులు అంతకుముందు వచ్చిన ప్రతి కేసుతోనూ 10కి మించిన తేడా చూపాయి. వార్డులో పక్క మంచం నుంచే అంటుతోందనే నమ్మకాన్ని అది కదిలించింది. క్లెబ్సియెల్లా లాంటి వాటిలో నిరోధక జీన్లు ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్ట) ఎక్కి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకుతాయి. అప్పుడు స్నిప్‌లు ఒక్కటే చూస్తే సరిపోదు, పొడవు రీడ్లు కావాలి.

అడుగు 8: చెట్టును తేదీలతో కలిపి చదవండి, ఆపై రాయండి

చెట్టు బొమ్మ (ఏ శాంపిల్ దేనికి ఎంత దగ్గరో చూపే చిత్రం), లైన్ లిస్ట్, రోస్టర్ మూడూ ఒకే బల్ల మీద పెట్టుకుని కూర్చోండి. మైక్రోరియాక్ట్ అనే వెబ్‌సైట్‌లో చెట్టును, తేదీల వరసను పక్కపక్కన చూడవచ్చు. అందులోకి ఎక్కించే ఫైల్‌లో పేర్లు, పుట్టినతేదీలు, గది నంబర్లు ఉండకూడదు.

రెండు జీనోమ్‌ల మధ్య సున్నా తేడా వచ్చినంత మాత్రాన "ఎ నుంచి బికి" అని రాయకండి. బి నుంచి ఎకి రావచ్చు. ఇద్దరికీ ఇంకా స్వాబ్ తీయని మూడో మనిషి నుంచి రావచ్చు. ఇద్దరి కట్లూ మార్చిన బయటి నర్సు, ఇద్దరికీ వాడిన హాయిస్ట్ స్లింగ్ (మనిషిని మంచం మీంచి లేపే పట్టీ), ఇద్దరూ కూర్చున్న సోఫా, అన్నీ పరిశీలించాలి. ముందు జబ్బుపడినవారే ముందు సోకినవారని కూడా అనుకోకండి. లక్షణాలు లేకుండా మోసేవాళ్లుంటారు. అమెరికాలో ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ) క్లినికల్ సెంటర్‌లో 2011లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వ్యాపించినప్పుడు మొదటి రోగి డిశ్చార్జ్ అయ్యాక దాదాపు మూడు వారాలకు రెండో కేసు బయటపడింది. మధ్యలో ఎవరూ లేరు కాబట్టి రెండూ వేరే అనిపించింది. జీనోమ్‌లు చదివాక అన్నీ మొదటి రోగి నుంచే వచ్చాయని తేలింది. మొత్తం 18 మందికి సోకింది. ఖాళీగా కనిపించిన ఆ మూడు వారాల్లో బ్యాక్టీరియా ఎవరి జబ్బుగానూ బయటపడకుండా ఉండిపోయింది.

రిపోర్టులో వాక్యాలు ఇలా ఉండనివ్వండి (స్నిప్ అంటే జీనోమ్‌లో ఒక్క అక్షరం తేడా): "రెసిడెంట్ 2, 5, స్టాఫ్ 3ల నుంచి వచ్చిన బ్యాక్టీరియా ఒకదానికొకటి 0-2 స్నిప్‌ల దూరంలో ఉన్నాయి. ఊళ్లో దొరికిన మిగతా వాటికి 28కి పైగా దూరం. ఇది హోమ్‌తో ముడిపడిన ఇటీవలి వ్యాప్తికి అనుకూలం. దిశ చెప్పలేం. రెసిడెంట్ 4ది వేరే." నాలుగు నంబర్ కేసు వేరే అని తేలడం కూడా ఫలితమే, దాన్ని కింద ఎక్కడో దాచకండి. ఆ కుటుంబానికి ఆ మాట చాలా ముఖ్యం.

స్టాఫ్ ఒకరి శాంపిల్ కలిస్తే ఆ సంగతి టీమ్, ఆక్యుపేషనల్ హెల్త్ దాటి పోకూడదు. చిన్న హోమ్‌లో "రాత్రి డ్యూటీ సీనియర్ కేరర్" అని రాస్తే పేరు రాసినట్టే. అలా పేరు బయటపడ్డ చోట తర్వాతి వారం నుంచి ఎవరూ గొంతునొప్పి ఉందని చెప్పరు.

రిపోర్టు ఇచ్చాక కొత్త కేసు వస్తే పాత పట్టికలోకే చేర్చి మళ్లీ నడపండి, విడిగా కొత్త విశ్లేషణ మొదలుపెట్టకండి. చేర్చినప్పుడు పాతవాళ్ల మధ్య దూరాలు ఒక్కసారిగా తగ్గాయంటే కొత్త శాంపిల్ డేటా బాగాలేక అందరిలో ఉమ్మడిగా ఉన్న భాగం కుంచించుకుపోయిందన్నమాట. దాన్ని తీసేసి మళ్లీ సీక్వెన్స్ చేయండి.

కేసులు ఆగిపోయి టీమ్ దర్యాప్తు ముగించాక కూడా కల్చర్‌లు, ముడి రీడ్లు, వాడిన రిఫరెన్స్, టూల్స్ వెర్షన్లు అట్టే పెట్టండి. అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో 2014 నుంచి 2016 దాకా ఒకే గ్రూప్ ఎ స్ట్రెయిన్ మళ్లీ మళ్లీ తలెత్తింది. మీ హోమ్‌లోనూ ఏడాది తర్వాత అదే ఎమ్ టైప్‌తో కేసు వస్తే పాత వాటితో పోల్చండి. తేడా ఒకటి రెండు స్నిప్‌లే ఉంటే ఆ స్ట్రెయిన్ అక్కడి నుంచి వెళ్లిపోలేదని అనుమానించాలి. అప్పుడు స్టాఫ్ స్వాబ్‌లు, మానని పుండ్లు, కట్లు మార్చే పద్ధతి మూడింటినీ మొదటి నుంచి చూడాలి. తేడా 30 ఉంటే అది బయటి నుంచి కొత్తగా వచ్చింది. ఆ నెలలో చేరిన రెసిడెంట్లు, హాస్పిటల్ నుంచి తిరిగి వచ్చినవాళ్లు, కొత్త ఏజెన్సీ స్టాఫ్‌తో వెతకడం మొదలుపెట్టండి.